అందరూ స్టేటస్ పెడుతుంటే నాకు ఏడుపు రాలేదు, నా ప్రేమ చల్లారిందా?

ప్రశ్న: వందనాలు అక్కా. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బెంగళూరు వెళ్తున్న బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు కదా, అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఆ రోజు మా యూత్ గ్రూపు నిండా మంటల వీడియోలు, వాటి కింద చేతులు జోడించిన బొమ్మలు, ఆ వెంటనే 'అంత్యదినాల సూచనలు' అంటూ ఒక ప్రసంగం లింకు. ఆదివారం ఆరాధనలో ఒకాయన లేచి, తన కొడుకు కూడా ఆ వారం బెంగళూరు వెళ్లాల్సిందని, దేవుడే ఆపి కాపాడాడని సాక్ష్యం చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఏ స్టేటస్సూ పెట్టలేదు. 'నీకు బాధగా లేదా' అని అడిగారు. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు రాలేదు, రెండు మూడు రోజులకే మర్చిపోయాను. అనేకుల ప్రేమ చల్లారుతుందని మత్తయి 24లో ఉన్నది నాలాంటివాళ్ల గురించేనా?
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: ముందు కన్నీళ్ల సంగతి మాట్లాడుకుందాం చెల్లీ. ఫోన్ తెరవగానే కాలిపోతున్న బస్సు, దాని కింద ఎవరిదో పుట్టినరోజు కేకు, ఆ కింద చీరల సేల్, మళ్లీ ఇంకో ఊళ్లో ఇంకో యాక్సిడెంట్. ఏ మనసూ అంత వేగంగా ఏడవలేదు. ఒకప్పుడు చావు కబురు మనిషి మోసుకొచ్చేవాడు, విన్నవాళ్లు ఉన్నపళంగా బయల్దేరి వెళ్లి ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్లు. ఇప్పుడు కబురు వస్తుంది కానీ వెళ్లే దారి కనపడదు, అందుకే ఒక స్టేటస్ పెట్టేస్తే మన వంతు అయిపోయినట్టు అనిపిస్తుంది. నీకు కన్నీళ్లు రాకపోవడాన్ని నేను పాపం అనను. రెండు మూడు రోజుల్లో మర్చిపోయానన్నావే, పట్టించుకోవాల్సింది దాన్ని.

ఆ సాక్ష్యం గురించి మాత్రం గట్టిగానే చెప్తాను. తన కొడుకు క్షేమంగా ఉన్నందుకు ఆ తండ్రి దేవుణ్ణి స్తుతించాలి, ఇంట్లో మోకాళ్ల మీద ఎంతసేపైనా స్తుతించాలి. కానీ ఆ బస్సులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీ సంఘంలో వెనక వరసలో కూర్చుని ఉంటే ఆ చప్పట్లు ఎలా వినిపిస్తాయి? నీ కొడుకుని కాపాడిన దేవుడు నా కొడుకుని ఎందుకు వదిలేశాడు అన్న ప్రశ్న ఆమె గుండెల్లో గుచ్చుకోదా? లూకా 13లో ఇదే విషయం వస్తుంది. పిలాతు చంపించిన గలిలయుల వార్త ఎవరో యేసు దగ్గరికి తెచ్చారు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది సంగతి ఆయనే ఎత్తాడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా, కాదు అని తేల్చి చెప్పాడు. చనిపోయినవాళ్లు ఎక్కువ పాపులు కానప్పుడు బతికినవాళ్లు ఎక్కువ నీతిమంతులు ఎలా అవుతారు?

'అక్కడే మారుమనస్సు పొందమని కూడా అన్నాడు కదా, మేం చెప్పేదీ అదే' అని ఆ లింకు పంపినవాళ్లు అనొచ్చు. అన్నాడు, నిజమే. అయితే వార్త తెచ్చి ఎదురుగా నిలబడ్డవాళ్లతో అన్నాడు, మీ సంగతి చూసుకోండని. మరియ, మార్తల దగ్గరికి వెళ్లినప్పుడు, చనిపోయిన వాళ్ల సోదరుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నాడని తెలిసి కూడా ఆయన కన్నీళ్లు విడిచాడు, వాళ్లకి అంత్యదినాల ప్రసంగం చేయలేదు. యోబు స్నేహితులు కూడా మొదట మంచి పనే చేశారు, ఏడు రోజులు ఏడు రాత్రులు నేల మీద అతనితో నోరు విప్పకుండా కూర్చున్నారు. ఆ తర్వాత కారణాలు చెప్పడం మొదలుపెట్టారు, చివరికి దేవుని కోపం వాళ్ల మీదికే వచ్చింది. బూడిద చల్లారకముందే తంబ్‌నెయిల్ తయారుచేసే సేవకులు ఆ అధ్యాయాలు మళ్లీ చదవాలని నా మనవి.

ఇక వీడియోలు. ఫార్వర్డ్ చేయొద్దు, అంతే. 2023 జూన్ 2న ఒడిశాలో బహనగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది, 290 మందికి పైగా చనిపోయారు. విశాఖ, విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే రైలు కాబట్టి మనవైపు కూడా ఎన్నో ఇళ్లు ఆ రాత్రి నిద్రపోలేదు. అప్పుడు ఒడిశా ప్రభుత్వం మృతుల ఫొటోలు వెబ్‌సైట్‌లో పెట్టింది, చూడటం కష్టంగా ఉంటుందని ముందే హెచ్చరించి, అయినవాళ్లు గుర్తుపట్టడం కోసం పెట్టింది. మన గ్రూపుల్లో తిరిగే ఫొటో ఎవరి కోసం? అదే సమయంలో పట్టాల పక్కనున్న ఒక కట్టడాన్ని మసీదని చెప్పి, నేరం ఒక మతం మీదికి నెడుతూ ఒక ఫొటో తిరిగింది. అది నిజానికి ఇస్కాన్ గుడి. పుకార్లు పుట్టిస్తే చర్యలు తప్పవని ఒడిశా పోలీసులు హెచ్చరించాల్సి వచ్చింది. ప్రమాదానికి కారణం సిగ్నలింగ్ పనుల్లో తప్పులని తర్వాత విచారణలో తేలింది. బాధలో ఉన్నాం కదా అని అబద్ధాన్ని ముందుకు తోస్తే, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్న ఆజ్ఞ మనకి లేకుండా పోదు.

మరి ఏం చేయాలి అంటావా? నెహెమ్యాని చూడు. అతను పారసీక రాజు దగ్గర షూషను కోటలో ఉన్నాడు, యెరూషలేము గోడల వార్త ఎంతో దూరం నుంచి వచ్చింది, అచ్చం మనకి వచ్చినట్టే. కూర్చుని ఏడ్చాడు, ఉపవాసం ఉండి ప్రార్థించాడు. కిస్లేవు నెలలో విన్న వార్త, నీసాను నెలలో రాజు ముందు నిలబడేదాకా, అంటే దాదాపు నాలుగు నెలలు, అతని గుండెల్లోనే ఉంది. బహనగా ప్రమాదంలో ఎవరూ రాని 28 మృతదేహాలు భువనేశ్వర్ ఎయిమ్స్‌లో అక్టోబరు దాకా ఉన్నాయి, చివరికి అక్కడి నగరపాలక సంస్థే దహనం చేయించింది. అప్పటికి మనలో ఎంతమంది ప్రార్థనల్లో ఆ సంగతి ఉంది?

కాబట్టి అన్ని వార్తలూ మోయాలని చూడకు, నీ వల్ల కాదు. ఒకటి పట్టుకో. కాగితం మీద రాసి బైబిల్లో పెట్టుకో, తలుపు వేసుకుని ప్రార్థించు, నెల తర్వాత కూడా ప్రార్థించు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో బాధిత కుటుంబం ఉంటే వెళ్లి కూర్చో, అన్నం వండుకెళ్లు, వచనాలు అప్పజెప్పకు. బహనగా ప్రమాదం జరిగిన రాత్రి బాలాసోర్‌లో కుర్రాళ్లు రక్తం ఇవ్వడానికి ఆసుపత్రి దగ్గర వరస కట్టారు, మీ యూత్ గ్రూపు కూడా రక్తదానానికి పేర్లు రాసి పెట్టుకోవచ్చు. స్టేటస్ పెట్టడం తప్పని నేను అనను. హెల్ప్‌లైన్ నంబరు సరిచూసి పెట్టావా, మంచిదే. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు చూసినా నొచ్చుకోని మాట అయితే అదీ మంచిదే.

మీ పాస్టరుగారితో కూడా మాట్లాడు. మన ఆరాధనల్లో స్తుతి పాటలకి గంట, విజ్ఞాపనకి రెండు నిమిషాలు. విలాపవాక్యములు ఎప్పుడు చదివారో గుర్తుందా? 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, అయినా పరిశుద్ధ గ్రంథంలో ఉంది. అలాంటి ఆదివారం ఆ కీర్తన చదివి కాసేపు మౌనంగా ఉండమని అడుగు.

ప్రశ్న: ఇలాంటి ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది విశ్వాసులు కారు. వాళ్ల గురించి ఏమని ప్రార్థించాలి?
– ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, తన్ను తోసేస్తుందని తెలిసిన యెరూషలేమును చూసి యేసు ఏడ్చాడు, కాబట్టి దుఃఖపడటానికి విశ్వాసం లెక్క చూడనక్కర్లేదు. చనిపోయినవాళ్ల సంగతి దేవునికి వదిలేయి, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అబ్రాహాము అడిగిన ప్రశ్న మనకి చాలు. మిగిలినవాళ్ల కోసం ప్రార్థించు: గాయపడి ఐసీయూలో ఉన్నవాళ్లు, డీఎన్ఏ రిపోర్టు కోసం మార్చురీ బయట ఎదురుచూసేవాళ్లు, ఆ శరీరాల్ని బయటికి తీసిన పోలీసులు, ఫైర్ సిబ్బంది. వాళ్ల ఎదురుగా 'రక్షణ పొందకుండా పోయారు' అన్న మాట మాత్రం నీ నోటి నుంచి రాకూడదు, గ్రూపులో కూడా రాయకూడదు.