వెలిసిన బంపర్, సొట్టపడ్డ మూల: హీట్ గన్‌తో ఎంతవరకు?

ఎండలు ముదిరాయంటే చాలు, మన దిక్కు బండ్ల మీదున్న నల్ల ప్లాస్టిక్ అంతా బూడిద రంగుకు తిరుగుతుంది. ఈసారి మాకొచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం దాని గురించే, అందులోనూ వేడిగాలి ఊదే హీట్ గన్ గురించే. అందుకని ఈ సంచికలో వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

అన్నా, నాది 2014 మోడల్ చిన్న కారు. రైస్ మిల్లు దగ్గర పొద్దంతా ఎండలోనే ఉంటుంది. కింది బంపర్, డోర్ల మీది నల్ల పట్టీలు, వైపర్ల కింది జాలీ అన్నీ తెల్లగా వెలిసిపోయాయి. హీట్ గన్ పెడితే మళ్లీ నల్లగా అవుతాయని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా? ప్లాస్టిక్ పాడుకాదా?
*ఒక పాఠకుడు, మిర్యాలగూడ*

మీ బావమరిది చెప్పింది నిజమే తమ్ముడూ. కానీ గన్ పట్టుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మనం కార్లు కడిగేది బోరు నీళ్లతో, మన నల్లగొండ బోరు నీళ్లలో ఉప్పు సంగతి మీకు నేను చెప్పాలా, ఎండలో కడిగి తుడవకుండా వదిలేస్తే ప్లాస్టిక్ మీద తెల్లటి పొర కట్టేస్తుంది. వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి, గుడ్డతో ఒక మూల రెండు నిమిషాలు రుద్ది చూడండి. తెలుపు పోయిందంటే అది ఉప్పు పొర, గన్‌తో పనే లేదు, అంతటా అలాగే తుడిచి మంచినీళ్లతో కడిగేయండి. ఆరాక కూడా తెల్లగానే ఉంటే అప్పుడు అది ఎండ దెబ్బ.

ఎండ దెబ్బ అంటే ఏం జరిగిందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే గన్ ఎంతవరకు వాడాలో మీకే అర్థమవుతుంది. రంగు వేయని ఆ నల్ల ప్లాస్టిక్ ఎక్కువగా పాలీప్రొపిలీన్, పొట్టిగా పీపీ అంటారు. నలుపు దాని లోపలే కలిసి ఉంటుంది, పైన పూసింది కాదు. అతినీలలోహిత కిరణాలు పై పొరను కొరుక్కుతిని, కంటికి కనబడనంత సన్నటి పగుళ్లు చేస్తాయి. ఆ గరుకు మీద వెలుతురు చెదిరిపోయి మనకు తెల్లగా కనిపిస్తుంది. అదే బంపర్‌ను నీళ్లతో తడపండి, తడి ఉన్నంతసేపు నల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే నీళ్లు ఆ పగుళ్లను నింపాయి. వేడిగాలి తగిలితే ఆ పై పొర కొద్దిగా కరిగి పగుళ్లు పూడుకుపోతాయి, కింద ఉన్న నలుపు బయటపడుతుంది.

ఇప్పుడు పని సంగతి. ముందు షాంపూ నీళ్లతో కడిగి, పాత టూత్‌బ్రష్‌తో గీతల్లో మట్టంతా తోమండి. మట్టి ఉండగా వేడి చేస్తే అది ప్లాస్టిక్‌లో అతుక్కుపోయి ఇక జన్మలో రాదు. ఇంతకుముందు పూసిన పాలిష్, నూనె ఏవైనా ఉంటే అవి కూడా పోవాలి. పూర్తిగా ఆరనివ్వండి. ఎండలో కాదు, సాయంత్రం నీడలో బండి పెట్టుకోండి. పక్కనే రంగు వేసిన డోరు, ఫెండర్ ఉంటే వాటిని తడిగుడ్డతో కప్పండి. ఉత్త మాస్కింగ్ టేపు వేడిని ఆపదు.

గన్‌ను మొదట జానెడు దూరంలో పెట్టి, మెల్లగా బెత్తెడు దూరం దాకా తీసుకురండి. ఇస్త్రీ పెట్టెలా అటూ ఇటూ కదుపుతూనే ఉండాలి, ఒక్క క్షణం కూడా ఒకచోట ఆపకూడదు. మీ కళ్ల ముందే తెలుపు నలుపుకు తిరుగుతుంది, తిరిగిన వెంటనే పక్కకు జరగాలి. పీపీ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గన్ నుంచి వచ్చే గాలి 300 నుంచి 600 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ తేడా చూస్తే ఎందుకు ఆపొద్దంటున్నానో తెలుస్తుంది. బంపర్ మీద ఆ సన్నటి గరుకు డిజైన్ మెరవడం మొదలైందంటే అప్పటికే ఎక్కువైంది, డిజైన్ కరిగిపోతోంది, అది మళ్లీ రాదు. నేను మొదటిసారి చేసినప్పుడు మధ్యలో ఎవరో పిలిస్తే తల తిప్పాను, అరచేయంత మేర నున్నగా అయిపోయింది. ఆ కారు అమ్మేదాకా ఆ మచ్చ అలాగే ఉంది, చూసినప్పుడల్లా బాధనిపించేది. అందుకే ముందు కింద, కనబడని చోట చేసి చేతికి అలవాటు చేసుకోండి.

వైపర్ల కింది జాలీ మాత్రం బండి మీద ఉండగా చేయకండి. గన్ గాలి ముందు అద్దం అంచుకు తగిలిందంటే ఒకచోటే వేడెక్కి అద్దం పగిలిపోవచ్చు. జాలీ ఊడదీసి కింద పెట్టుకుని చేయండి, లేదా దాన్ని వదిలేయండి.

ఎన్నాళ్లు ఉంటుందంటారా? శాశ్వతం కాదు. ఎండను తట్టుకోవడానికి కంపెనీలో కలిపిన మందు అప్పటికే అయిపోయి ఉంటుంది, వేడి దాన్ని తిరిగి తేలేదు. పొద్దంతా ఎండలో నిలబడే బండికి కొన్ని నెలల్లో మళ్లీ తెలుపు మొదలవుతుంది. ప్రతిసారీ కాల్చుకుంటూ పోతే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. కాబట్టి ఒకసారి చేసి, చల్లారాక దాని మీద ఎండను ఆపే ట్రిమ్ కోటింగ్ ఏదైనా పూయండి. కొబ్బరినూనె, పాత ఇంజిన్ ఆయిల్ పూసేవాళ్లున్నారు, వద్దు, రెండు రోజులు మెరుస్తుంది, మూడో రోజు దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

సార్, ఎలాంటి హీట్ గన్ కొనాలి? ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి వాడొచ్చా?
*దేవరకొండ నుంచి*

వేడి తగ్గించుకునే డయల్ ఉన్నది కొనండి. రెండే రెండు స్విచ్చులున్నవి కూడా దొరుకుతాయి, కానీ ప్లాస్టిక్ పనికి డయల్ ఉంటేనే చేతిలో పట్టు ఉంటుంది. 1500 నుంచి 2000 వాట్లది చాలు.

ఇక బాక్సు సంగతి. 2000 వాట్ల గన్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మామూలు చిన్న సాకెట్లు 6 ఆంపియర్లవి, సెల్‌ఫోన్ చార్జర్ పెట్టే సన్న వైరు బాక్సులు దానికి అసలు ఆగవు, వైరు కరిగి వాసన వస్తుంది. గీజర్‌కు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్ నుంచే తీసుకోండి. వైరు లాగాల్సి వస్తే మందమైనది, చుట్ట మొత్తం విప్పి వాడండి. చుట్ట చుట్టి ఉండగా వాడితే లోపలే వేడి పేరుకుంటుంది.

తోలు గ్లౌజులు వేసుకోండి, రబ్బరువి కాదు. గది మూసి చేయొద్దు, పొగ వచ్చిందంటే ప్లాస్టిక్ కాలుతోందని అర్థం, ఆ పొగ పీల్చొద్దు. పెట్రోల్ ట్యాంకు, గ్యాస్ కిట్టు, బ్యాటరీ, వీటి దగ్గరికి గన్ తీసుకెళ్లొద్దు. చార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అంటుకునే గ్యాస్ అది.

నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద బర్రె అడ్డం వస్తే తప్పించబోయి డివైడర్‌కు రాసుకున్నాను. ముందు బంపర్ ఎడమ మూల లోపలికి సొట్టపడింది, కింద జానెడు పర్రె వచ్చింది. డెంటింగ్ షెడ్డులో బంపర్ మార్చాల్సిందే అన్నారు. ఇంట్లో హీట్ గన్‌తో సరిచేయొచ్చా?
*పేరు వద్దన్న పాఠకుడు, నల్లగొండ*

ముందు మీరు క్షేమంగా ఉన్నారు, బర్రె కూడా క్షేమమే అనుకుంటాను. మీ బంపర్‌కు ఉన్నవి రెండు వేర్వేరు రోగాలు, వీటిని కలిపి చూడొద్దు.

సొట్ట తేలిక. బంపర్ ప్లాస్టిక్‌కు అచ్చులో పోసినప్పటి ఆకారం గుర్తుంటుంది, మెత్తబడితే అటే పోవాలని చూస్తుంది. అందుకే గన్ కంటే ముందు మరిగే నీళ్లతో ప్రయత్నించమంటాను. నీళ్లు 100 డిగ్రీలు దాటవు, కాబట్టి రంగు బొబ్బలెక్కే భయం తక్కువ. కెటిల్‌తో సొట్ట మీద మెల్లగా పోస్తూ, గ్లౌజు వేసుకున్న చేత్తో వెనక నుంచి మడత అంచుల దగ్గర మొదలుపెట్టి నొక్కుకుంటూ రావాలి. నేరుగా మధ్యలో గుద్దితే అంచు దగ్గర తెల్లటి గీత మిగిలిపోతుంది. బయటికి రాగానే చన్నీళ్లు పోయండి, ఆకారం అక్కడే ఆగుతుంది. నీళ్లతో రాకపోతే అప్పుడు గన్, అది కూడా వెనక వైపు నుంచి, రంగు ఉన్న వైపు నుంచి కాదు. బయట చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి, చెయ్యి నిలవనంత వేడైతే ఆపి రెండు నిమిషాలు ఆగండి. వెనక నుంచి చెయ్యి అందాలంటే చాలా బండ్లలో వీల్ ఆర్చ్ లోపలి కవర్ విప్పితే సరిపోతుంది. బంపరే దింపాల్సి వస్తే ఫాగ్ ల్యాంపు, సెన్సార్ వైర్లు ముందే ఊడదీయండి, ఒక్క గుంజుడుకు తెగిపోతాయి.

పర్రె అలా కాదు. గన్‌తో పైపైన కరిగించి వేలితో పులిమేస్తే పూడినట్టే కనబడుతుంది, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర మళ్లీ విచ్చుకుంటుంది. అక్కడ కావాల్సింది వెల్డింగు, అంటే అదే జాతి ప్లాస్టిక్ పుల్లను కరిగించి పర్రెలో నింపడం. అదే జాతి అన్న మాట మరిచిపోవద్దు, పీపీకి ఏబీఎస్ అనే ఇంకో జాతి ప్లాస్టిక్ అతకదు. బంపర్ వెనక చూడండి, రెండు బాణం ముల్లుల మధ్య ఇంగ్లీషు అక్షరాల్లో పీపీ అనో, పీపీ ప్లస్ ఈపీడీఎం (రబ్బరు కలిపిన పీపీ) అనో, ఏబీఎస్ అనో అచ్చు ఉంటుంది. కనబడకపోతే లోపలి అంచు నుంచి గోరంత ముక్క కోసి, సబ్బు చుక్క వేసిన నీళ్లలో వదలండి. తేలితే అది పీపీ జాతే. మునిగితే మాత్రం ఏబీఎస్ అని తొందరపడొద్దు, టాల్క్ పొడి కలిపిన పీపీ కూడా మునుగుతుంది. సూపర్ గ్లూ సంగతి అడగబోతున్నారేమో, ఏబీఎస్ మీద కొంత ఆగుతుంది గానీ పీపీ మీద ఉత్తగా పూస్తే పట్టదు.

పర్రె చివర మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేయండి, లేకపోతే అది సాగుతూనే ఉంటుంది. తర్వాత పర్రె పొడవునా కాలువలా గీకి, గన్‌కు సన్న మూతి తగిలించి, సుమారు 300 డిగ్రీల గాలితో కాలువ అంచులు, పుల్ల రెండూ ఒకేసారి మెత్తబడేలా చూసుకుంటూ నొక్కుకుంటూ పోవాలి. వెనక వైపు సన్న స్టీలు జాలీ ముక్కను వేడి చేసి ప్లాస్టిక్‌లో దిగ్గొట్టి, పైన మళ్లీ కరిగిన ప్లాస్టిక్ పూస్తే గట్టిగా ఉంటుంది. పుల్లలు దొరకకపోతే తుక్కు దుకాణంలో అదే అచ్చు ఉన్న పాత బంపర్ ముక్క తెచ్చి పట్టీలుగా కోసుకోండి. ఒకటి మాత్రం నిజాయితీగా చెబుతాను, ఈ పని మొదటిసారే బాగా రాదు. ఆ పాత ముక్కల మీద నాలుగైదు సార్లు చేసి, చల్లారాక విరిచి చూడండి. అతుకు దగ్గర కాకుండా పక్కన విరిగిందంటే మీ చెయ్యి కుదిరింది, ఇక కారు మీదికి పోవచ్చు. పైన రంగు వేయించేటప్పుడు ప్లాస్టిక్ ప్రైమర్ వేయమని, వంగే పుట్టీయే వాడమని గట్టిగా చెప్పండి.

షెడ్డువాళ్లది పూర్తిగా తప్పు అనను. బంపర్ తగిలించే లాకులు విరిగినా, లోపలి ఇనుప కడ్డీ వంగినా మార్చడమే మేలు. ఇన్సూరెన్స్‌లో చేయించేముందు మాత్రం ఒకసారి లెక్క వేసుకోండి. మీది జీరో డిప్రిసియేషన్ పాలసీ, అంటే పాతబడ్డాయని భాగాల ధర కోయని పాలసీ, కాకపోతే ప్లాస్టిక్ భాగాల ధరలో సగమే ఇస్తారు, 1500 సీసీ లోపు కారుకు ఇంకో వెయ్యి రూపాయలు తప్పనిసరిగా మీరే పెట్టుకోవాలి. అంటే బంపర్ ఆరు వేలు అనుకుంటే దాని కింద మీకు వచ్చేది రెండు వేలు. దానికోసం నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపినవాళ్లకు అది ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే సొంత బండి నష్టానికి కట్టే భాగంలో, 50 శాతం తగ్గింపు.

డాష్‌బోర్డు ఎడమ వైపు ఎండకు ఉబ్బి పైకి లేచింది. మా ఆయన హీట్ గన్ తెచ్చి నొక్కి సరిచేస్తానంటున్నారు. చేయనివ్వమంటారా?
*వనపర్తి నుంచి ఒక అక్క*

చేయనివ్వకండి అక్కా. ఎడమ సీటు ముందు ఆ ప్లాస్టిక్ కింద చాలా బండ్లలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. అది తెరుచుకోవడానికని అక్కడ లోపలి వైపు గీత గీసినట్టు పలుచగా చేసి ఉంచుతారు. వేడి చేసి నొక్కితే ఆ గీత అతుక్కుపోవచ్చు, లేదా చినిగిపోవచ్చు, ఎయిర్‌బ్యాగ్ లోపల ఉండేది పేలే మందు. స్టీరింగ్ మధ్య భాగానికి కూడా ఇదే మాట. సర్వీస్ సెంటర్లో చూపించండి, ఈలోపు బండి నిలిపినప్పుడు ముందు అద్దానికి మెరిసే సన్‌షేడ్ పెట్టండి, ఉబ్బు పెరగకుండా ఉంటుంది. అన్నకు గన్ పని చేయాలని మనసుంటే బయటి బంపర్ ఉంది కదా, అది ఇవ్వండి.

నేను జడ్చర్ల నుంచి ట్యాక్సీ నడుపుతాను. రేడియేటర్ పై ప్లాస్టిక్ ట్యాంకుకు సన్న క్రాక్ వచ్చి కూలెంట్ కారుతోంది. గన్‌తో కరిగించి మూస్తే కొన్నాళ్లు నడుస్తుందా?

నడవదు తమ్ముడూ. అది పీపీ కాదు, గాజు నారలు కలిపిన నైలాన్, 200 డిగ్రీలు దాటినా మెత్తబడదు. మన గన్‌తో కరిగించబోతే పైన కాలుతుంది, లోపల అతకదు. పైగా బండి నడుస్తున్నప్పుడు ఆ ట్యాంకులో ఒత్తిడి, వేడి రెండూ ఉంటాయి. ఎండాకాలంలో ఏసీ నాలుగో నంబరులో పెట్టుకుని హైవే మీద పోతుంటే ఆ అతుకు విడిపోయిందంటే, మీరు టెంపరేచర్ ముల్లు చూసేలోపే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకు, బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోతుంది, రేడియేటర్ ఖర్చుకు అది ఎన్నో రెట్లు. ట్యాంకు కానీ, మొత్తం రేడియేటర్ కానీ మార్పించండి.

పక్కన ఉండే తెల్ల కూలెంట్ డబ్బా పగిలితే, దాని మూత ఉత్త ప్లాస్టిక్ మూత అయితే, పీపీ పుల్లతో అతికించి షెడ్డు దాకా పోవచ్చు. మూత మీద 1.1 లాంటి అంకె, వేడిగా ఉన్నప్పుడు తెరవొద్దన్న గుర్తు ఉంటే అది కూడా ఒత్తిడి ఉండే డబ్బానే, దాన్ని కూడా మార్చాల్సిందే. మార్పించేదాకా కిరాయిలు ఒప్పుకోకండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూసి, దగ్గర్లోని షెడ్డు దాకా మాత్రం తీసుకెళ్లండి, ముల్లు పైకి పోతే పక్కకు ఆపి టోయింగ్ బండిని పిలవండి.