అక్కకి ఎలా చెప్పాలి అన్నది కాదు ఇక్కడ ప్రశ్న

సెలవలకి మీ దగ్గరికొచ్చిన మీ అక్క కూతురు, 9 ఏళ్ల పిల్ల, స్నానానికెళ్తే గడియ పెట్టుకుని అది చాలక తలుపుకి బకెట్ కూడా అడ్డం పెట్టుకుంటోందని, మీ బావగారి తమ్ముడు వీడియో కాల్ చేస్తే మంచం కిందకి దూరిపోతోందని, "నన్ను ఇంటికి పంపొద్దు పిన్నీ" అంటోందని రాశారు. ఇంతా రాసి చివరికి మీరడిగింది అక్క నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి, లేక ఆధారం దొరికేదాకా ఆగాలా అని.

నొచ్చుకోకుండా ఈ మాట వినే తల్లి ఉండదమ్మా, ఆ ప్రశ్న వదిలెయ్యండి. ఆధారం వెతకడం మీ పని కాదు. పిల్లల మీద లైంగిక నేరాల్ని అడ్డుకోవడానికి తెచ్చిన 2012 పోక్సో చట్టం ప్రకారం అనుమానం ఉన్నా చెప్పాల్సిందే, తెలిసీ చెప్పకపోవడమే నేరం, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కి ఫోన్ చెయ్యండి, రాత్రయినా పగలైనా ఎత్తుతారు. పోలీసులంటే భయపడుతున్నారేమో, పిల్ల మాట తీసుకోవడానికి యూనిఫాం లేకుండా ఇంటికే రావాలి, వీలైనంతవరకు లేడీ ఆఫీసరే రావాలి, పిల్ల పేరు బయటికి రాకూడదు. కారణం వేరే ఏదైనా కావచ్చు, అలాగే కావాలని నేనూ కోరుకుంటున్నా, కానీ తేల్చాల్సింది మీరూ నేనూ కాదు.

ఈలోపు పిల్లని గుచ్చి గుచ్చి అడక్కండి, తనంతట తను చెప్తే అడ్డు రాకుండా వినండి, "ముందే ఎందుకు చెప్పలేదు" అనే మాట మాత్రం పొరపాటున కూడా అనొద్దు, ఎవరికీ చెప్పనని ఒట్లు వెయ్యొద్దు, అది చెప్పింది దాని మాటల్లోనే తేదీ వేసి రాసిపెట్టుకోండి. ఒంటి మీద దెబ్బో, నొప్పో ఉందంటే వెంటనే డాక్టర్ దగ్గరికి. ఆ మనిషిని నిలదీస్తానంటున్నారే మీ ఆయన, ఆపండి, జాగ్రత్తపడటానికి వాడికి టైమిచ్చినట్టవుతుంది.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో పాప గురించి ఉన్నది మూడు లైన్లు, అక్క గాజులు తాకట్టు పెట్టి మీ ఫీజు కట్టిన సంగతి మాత్రం పేజీ నిండా ఉంది. అక్క ముందు నోరెత్తని చెల్లెలిగానే మీరు ఇంకా ఉండిపోయారు, మీ భయమంతా ఆ మరిది గురించి కాదు, అక్క మొహం గురించి. ఋణం ఉంటే ఉండనివ్వండి, దాన్ని ఈ పిల్లతో కట్టిస్తారా? నా మటుకు నాకు పెద్దవాళ్ల మీద గౌరవం అంటే వాళ్ల ముందు నోరు మూసుకోవడం ఎప్పుడూ కాదు.

1098 వాళ్లతో మాట్లాడాక అక్కని ఒక్కదాన్నే మీ ఇంటికి పిలవండి. ఫోన్లో వద్దు. తిడుతుంది, మా కాపురం కూలుస్తావా అంటుంది, ఆరు నెలలు మాట్లాడకపోవచ్చు కూడా, పడండి.

ఆదివారం పాపని దింపి రావడానికి టికెట్లు తీశామన్నారు, అవి ఇవాళే క్యాన్సిల్ చెయ్యండి.