అమ్మకానికి ముందు పది బ్యాచ్‌లు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఆరు సబ్బులూ అందాయి. లావెండర్ వేసినదాన్ని రోజూ వాడుతున్నాను. నురగ బాగుంది, ఒళ్ళు పొడిబారడం లేదు. "ఇక అమ్మకం మొదలుపెట్టనా పిన్నీ?" అని అడిగావు కదా, తప్పకుండా పెట్టు. కాకపోతే ఆ ఆరింటిలో ఏ రెండూ ఒకేలా లేవు. ఇంట్లోవాళ్ళకి అది ముచ్చటగానే ఉంటుంది. డబ్బిచ్చి కొన్న మనిషి రెండోసారి వచ్చేది మొదటిసారి దొరికిందే మళ్ళీ కావాలని. అందుకే మిగతా రకాలన్నీ పక్కన పెట్టి ఒక్కటే ఎంచుకో. దాన్నే పది బ్యాచ్‌లు చెయ్యి. పదీ ఒకే గట్టిదనంతో, ఒకే వాసనతో వచ్చాక రెండో రకం సంగతి చూద్దాం.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. తేదీ, ప్రతి నూనె బరువు, అది ఏ డబ్బాలోది, కాస్టిక్ సోడా, నీళ్ళు, కలిపినప్పటి వేడి అన్నీ రాయి. కప్పులూ చెంచాలూ వద్దు, గ్రాముల్లో తూచు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో విను. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 183 గ్రాముల సోడా కావాలి, ఆలివ్ నూనెకైతే 135 చాలు. ఒకసారి కొబ్బరినూనె తక్కువైందని 400 గ్రాముల మేర ఆలివ్ పోశాను, సోడా మాత్రం పాత లెక్కనే వేశాను. సోడా అంతా ఖర్చయిపోయి 5 శాతం నూనె మిగలాల్సిన సబ్బులో పది గ్రాములకు పైగా సోడా మిగిలిపోయింది. వాడినవాళ్ళ చేతులు మండాయి. బిళ్ళల మీద బ్యాచ్ నంబరు లేదు, ఏవి ఆ రోజువో నాకే తెలియలేదు. ఇచ్చిన ప్రతి బిళ్ళనీ ఇంటింటికీ వెళ్ళి వెనక్కి అడిగి తెచ్చుకున్నాను. ఆ సిగ్గు నీకు వద్దు.

సోడాను నీళ్ళలో వెయ్యాలి గానీ సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు, అల్యూమినియం గిన్నె దగ్గరికే రానివ్వకూడదు. ఇవి నీకు తెలుసు. అయినా బ్యాచ్‌లు పెరిగి చెయ్యి అలవాటుపడ్డాకే మనిషి సోడా కళ్ళలో పడకుండా పెట్టుకునే అద్దాలు తీసి పక్కన పెడుతుంది. నువ్వు తియ్యకు.

సబ్బు ఆరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎవరైనా పెద్ద ఆర్డరిచ్చి పది రోజుల్లో కావాలంటే, నిల్వ లేకపోతే కుదరదని చెప్పెయ్యి. పచ్చి సబ్బు ఇస్తే వారానికే కరిగిపోతుంది, వాళ్ళు మళ్ళీ రారు. ఆరేకొద్దీ నీరు పోయి బరువు తగ్గుతుంది కాబట్టి లేబుల్ మీద వేసే బరువు అచ్చులోంచి తీసిన రోజుది కాకూడదు. ప్రతి బ్యాచ్ నుంచీ ఒక బిళ్ళ ఏడాదిపాటు దాచి, నెలకోసారి చూడు, వాసన పట్టు. నారింజరంగు మచ్చలు లేచి కమురువాసన వస్తే నూనె పాడైందన్నమాట. ఆ సంగతి కొన్నవాళ్ళకంటే ముందు నీకు తెలియాలి.

ధర దగ్గర నువ్వు మొహమాటపడతావని నా భయం. నూనె, సోడా, సువాసన ఖర్చులకి కాస్త కలిపి సరిపెట్టేస్తారు చాలామంది. తూచడం, కొయ్యడం, చుట్టడం, గిన్నెలు కడగడం, అన్నింటికీ పట్టిన గంటలు లెక్కేసి నీ కూలి కలుపు. అంచులు విరిగి అమ్మలేకపోయిన బిళ్ళలు, దాచిన బిళ్ళలు కూడా ఖర్చే. రేపు ఏదైనా దుకాణంవాళ్ళు టోకున అడిగితే వాళ్ళ వాటా పోయాక కూడా నీ కూలి మిగలాలి. మొదట తక్కువకిచ్చి తర్వాత పెంచడం చాలా కష్టం తల్లీ. ఫ్యాక్టరీ సబ్బు ధరతో పోల్చుకుని కుంగిపోకు.

మొటిమలు పోతాయనీ, దురద తగ్గుతుందనీ లేబుల్ మీద రాయకు. చాలా దేశాల్లో ఆ ఒక్క మాటతో సబ్బు మందు కింద లెక్కకొస్తుంది. మీ దగ్గరి నియమాలు అమ్మకానికి ముందే కనుక్కో. వేసినవన్నీ లేబుల్ మీద రాయి, సువాసన నూనెలతో సహా. పువ్వులనుంచి తీసినవైనా కొందరి ఒంటికి పడవు.

పది బ్యాచ్‌లూ అయ్యాక మొదటిదాంట్లోంచి ఒకటి, పదోదాంట్లోంచి ఒకటి నాకు పంపు. ఏది ఏదో చెప్పకు. నేను వాడి చూసి, కనిపెట్టగలిగానో లేదో రాస్తాను.

ఆశీస్సులతో,
మీ పిన్ని