బెంగళూరులో చెట్ల నీడన ఒక చుట్టు, దారిలో పాత పొలిమేర గుర్తు: లాల్‌బాగ్‌కే వెళ్ళండి

మీరడిగింది ఇది: అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తున్నారు, నాన్నగారికి చరిత్రంటే ఇష్టం, అమ్మగారికి మోకాళ్ళ నొప్పి. మీ అన్నయ్య లండన్ దగ్గర అడవి దారిలో నడుస్తూ పాత హద్దు స్తంభాల ఫొటోలు పంపారు, అలాంటి నడక బెంగళూరులో దొరుకుతుందా అని. చెట్ల కింద నడవాలి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, మధ్యలో ఊరి హద్దు చెప్పే పాత గుర్తు ఏదైనా కనబడాలి. తురహళ్ళి అడవి బాగుంటుంది కానీ నాన్నగారు అడిగే చరిత్ర అక్కడ చేతికి తగలదు. నంది కొండ మోకాళ్ళకి వద్దు. మీరన్న మూడూ ఒక్కచోట కుదిరేది లాల్‌బాగ్ తోటలోనే. నేను జయనగర్‌లో ఉంటాను, పొద్దున నడక అక్కడే, కాబట్టి దారి కూడా చెబుతాను.

ముందు మీ అన్నయ్య ఫొటోల సంగతి. తెల్లరంగు వేసిన ఇనప స్తంభం, మీద లండన్ నగర చిహ్నం ఉంటే అవి బొగ్గు పన్ను స్తంభాలు. 1861 నాటి చట్టం కింద లండన్ చుట్టూ నాటారు. ఆ గీత దాటి లోపలికి వచ్చే బొగ్గుకి సుంకం కట్టాలి, అది చెప్పడానికే స్తంభం. పన్ను పోయింది, స్తంభాలు చాలావరకు అలాగే మిగిలాయి. మన ఊళ్ళలో హద్దు గుర్తులు పన్ను కోసం ఒక్కదానికే కాదు, దానానికీ, కాపలాకీ, ఊరు ఎక్కడ ఆగుతుందో చెప్పడానికీ పెట్టేవాళ్ళు. లాల్‌బాగ్‌లో ఉన్నది ఆ చివరి రకం.

లాల్‌బాగ్ అనగానే అందరికీ పూల ప్రదర్శన, గాజు మందిరం గుర్తొస్తాయి. లోపల ఒక పెద్ద బండ ఉంది, ఆ బండ నెత్తిన చిన్న మంటపం, దాని మీద చిన్న గోపురం. అదే కెంపేగౌడ గోపురం. చాలామంది పైకెక్కి ఫొటో దిగి దిగిపోతారు. అది చూడాల్సిన తీరు అది కాదని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే తోట కంటే గోపురం పాతది. హైదర్ అలీ ఈ తోట మొదలుపెట్టింది 1760లో. మొదటి కెంపేగౌడ మట్టికోట కట్టి బెంగళూరు పేట వేసింది 1537లో. ఆ తర్వాత వంశంలో రెండో కెంపేగౌడ నాలుగు దిక్కులా నాలుగు గోపురాలు కట్టించాడని ఎక్కువగా చెబుతారు. అంటే గోపురం కట్టిననాడు ఇక్కడ పూలూ లేవు, బాటలూ లేవు. ఊరి బయట ఒక బండ, దానిమీద ఊరి పొలిమేర. తోట తర్వాత వచ్చి దాని చుట్టూ పెరిగింది. ఈ సంగతి మనసులో పెట్టుకుని నడిస్తే నడక మొత్తం మారిపోతుంది.

అందుకే బండ దగ్గర మొదలుపెట్టొద్దని చెబుతాను. మెట్రోలో గ్రీన్ లైన్ మీద లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగితే పడమటి గేటు పక్కనే. అక్కణ్ణించి లోపలికి రండి. మొదట గాజు మందిరం వస్తుంది. 1889లో శంకుస్థాపన జరిగింది, జాన్ కామెరాన్ అనే ఆయన తోట చూసుకునే కాలంలో. మన ఇళ్ళలో పప్పులో వేసే బెంగళూరు వంకాయని ఈ ఊరికి తెచ్చిన ఘనత కూడా ఆయనకే ఇస్తారు, ఈ మాట అమ్మగారికి తప్పకుండా చెప్పండి. మందిరం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. దక్షిణంవైపు చెరువుకి తిరగండి.

అసలు నీడ అక్కడ మొదలవుతుంది. చాలా చెట్లకి పేరు పలకలు ఉంటాయి, చదువుకుంటూ వెళ్ళొచ్చు. ఒక్క చెట్టు మాత్రం వదలకండి, పాత తెల్ల బూరుగు. ఏ తోటమాలినడిగినా చూపిస్తారు. దాని మొదట్లో వేళ్ళు నేలమీదికి గోడల్లా లేచి ఉంటాయి, రెండు వేళ్ళ మధ్య మనిషి నిలబడితే బయటికి కనబడడు. బెరడు మీద చెయ్యి పెడితే నున్నగా ఉన్నట్టుంటుంది, దగ్గరగా చూస్తే సన్న గీతలు. దానికిప్పుడు కంచె ఉంటే బయటినుంచే చూడండి, వేళ్ళ మీద ఎక్కి తొక్కితే చెట్టుకి దెబ్బ.

చెరువు కట్ట మీద నిదానంగా నడవండి. కొంగలు, నీటికాకులు ఉంటాయి. కట్ట దాటి తూర్పువైపు చెట్ల మధ్యగా ఉత్తరానికి తిరిగితే ఒకచోట నీడ తెగిపోతుంది, ఎదురుగా ఆకాశం, కింద రాయి. చెట్లలోంచి ఒక్కసారిగా ఊరి అంచుకి వచ్చినట్టుంటుంది. గోపురాన్ని పొలిమేరగా చూడాలంటే ఈ వైపు నుంచి రావడమే మంచిది. ప్రధాన ద్వారం నుంచి వస్తే టికెట్ తీసుకున్న కాసేపటికే బండ ఎక్కేస్తాం, ఏమీ అనిపించదు.

బండ ఎక్కేటప్పుడు కింద చూస్తూ ఎక్కండి. ఇది నైస్ (gneiss) అనే రకం రాయి, వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది, పలక కూడా ఉంది. రాతిలో తెల్లచారలు, నల్లచారలు పక్కపక్కనే పోతుంటాయి. కొన్నిచోట్ల తిన్నగా, కొన్నిచోట్ల మెలిక తిరిగి. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రాయి మెత్తబడి వంగిన గుర్తులవి. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చారలు బాగా తేలతాయి. చిన్న చిన్న గుంటల్లో వాన నీళ్ళు నిలుస్తాయి, పిచ్చుకలు, గోరింకలు వచ్చి తాగుతాయి.

మా నాన్నది హిందూపురం దగ్గర పల్లె, బతుకంతా సేద్యం. ఆయన్ని తీసుకెళ్ళినప్పుడు గోపురం చుట్టూ తిరిగి చూసి, కూర్చుని, బండ మీద చేత్తో తట్టి అన్న మాట ఇప్పటికీ నాకు ఏ చరిత్ర పాఠం కంటే ఎక్కువ: “హద్దు అంటే ఎవురూ పీకలేని తావులో పెట్టల్ల నాయనా. దుక్కి పడే తావులో రాయి నాటితే రెండేండ్లకి జరుగుతాది. ఈ బండని ఎవురు జరుపుతారు?” గట్టు తగాదాలు చూసిన మనిషి మాట అది. నాగలి పడని చోటు, నీళ్ళు ముంచని ఎత్తు, నాలుగు దిక్కులూ కనబడే చోటు. కాపలా మనిషి నిలబడితే వచ్చేవాళ్ళు దూరం నుంచే కనిపిస్తారు. హద్దుకీ కాపలాకీ ఒకే చోటు సరిపోయింది.

మిగతా మూడు గోపురాలు ఎక్కడున్నాయో చూస్తే ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. ఒకటి కెంపాంబుధి చెరువు దగ్గర, గవిగంగాధరేశ్వర గుడికి దగ్గర్లోనే. ఒకటి హలసూరు చెరువు దగ్గర. ఒకటి ఉత్తరాన బళ్ళారి రోడ్డు మీద మేక్రీ సర్కిల్ దగ్గర. రెండు చెరువుల దగ్గర, రెండు ఎత్తైన రాతి నేల మీద. పాత ఊరికి ప్రాణం చెరువే కాబట్టి చెరువు దగ్గరే పొలిమేర పెట్టుకోవడం మన రాయలసీమ పల్లెల్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊరు ఈ నాలుగు గోపురాల దాకా పెరుగుతుందని కెంపేగౌడ చెప్పాడని జనంలో ఒక మాట ఉంది. అది కథో నిజమో గానీ, ఇప్పుడు ఊరు కెంగేరి, యలహంక, వైట్‌ఫీల్డ్ కూడా దాటేసింది. బండ మీద నిలబడి ఒక్కసారి చుట్టూ తిరిగి చూడండి, పొలిమేర ఊరి నడిబొడ్డులోకి వచ్చేసిందని కళ్ళకి తెలుస్తుంది. మొదటి కెంపేగౌడ తెలుగులో యక్షగానం కూడా రాశాడని అంటారు, మనవాళ్ళకి ఆ మాట చెబితే గోపురం ఇంకొంచెం దగ్గరవుతుంది.

నాన్నగారికి నిజమైన హద్దురాళ్ళే చూడాలని ఉంటే ఇంకో మాట. కర్ణాటక పల్లెల్లో దానమిచ్చిన భూముల గట్ల మీద ముద్ర రాళ్ళు నాటేవాళ్ళు. విష్ణువు గుడికో వైష్ణవ బ్రాహ్మణులకో ఇచ్చిన భూమైతే గొడుగు పట్టిన వామనుడు, శివాలయానిదైతే లింగం. రాయి పైభాగాన సూర్యుడూ చంద్రుడూ ఉంటే అవి ఉన్నన్నాళ్ళూ దానం చెల్లుతుందని అర్థం. దాన శాసనాల్లో హద్దులు చెప్పే తీరు నాకు చాలా ఇష్టం: తూర్పున చింతచెట్టు, దక్షిణాన పుట్ట, పడమట చెరువు మరువ (నిండిన నీళ్ళు పొర్లిపోయే చోటు), ఉత్తరాన గుండురాయి. చదువుతుంటే ఆ పొలం గట్టు మీద నడుస్తున్నట్టుంటుంది. చివర శాపం తప్పదు, ఇచ్చిన భూమి లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని. గట్టు జరపాలనుకున్నవాడి చెయ్యి ఒక్క నిమిషమైనా ఆగేలా రాసిన మాట. కస్తూర్బా రోడ్డు మీది ప్రభుత్వ మ్యూజియంలో శాసనాలు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ళు) ఉంటాయి. బేగూరు నాగేశ్వర గుడిలో సుమారు క్రీ.శ. 900 నాటి, గంగ వంశపు రాజుల కాలపు శాసనం ఉంది, అందులో బెంగళూరు పేరే కనిపిస్తుంది. కెంపేగౌడకి ఆరు వందల ఏళ్ళ ముందు మాట! బేగూరు వేరే రోజుకి పెట్టుకోండి, ఒకే రోజున రెండూ అంటే పెద్దవాళ్ళు అలసిపోతారు.

ఇక అమ్మగారి మోకాళ్ళ విషయం. తోటంతా చదును దారులే, కష్టం బండ దగ్గరే. బండ ఎక్కువ ఎత్తు లేదు, వాలు కూడా మెల్లగానే ఉంటుంది, కానీ పట్టుకోవడానికి అన్నిచోట్లా ఏమీ ఉండదు. వానపడ్డ మర్నాడు ఎక్కించకండి, నాచు పట్టినచోట జారుతుంది. తోలు చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు వేయించండి. ఎక్కడం కంటే దిగడం మోకాళ్ళకి భారం, కాబట్టి దిగేటప్పుడు మీరు ఒక మెట్టు కింద, ఆవిడ చెయ్యి మీ భుజం మీద. ఎక్కలేనంటే బలవంతం చేయొద్దు, కింద చెట్ల దగ్గర కూర్చున్నా గోపురం బాగానే కనబడుతుంది. లోపల బ్యాటరీ బండ్లు కూడా తిరుగుతుంటాయి, చుట్టంతా నడవలేకపోతే చెరువు దాకా నడిచి మిగతాది బండిలో రావచ్చు.

ఎండ ఎక్కాక బండ కాలుతుంది, నీడ ఏమాత్రం ఉండదు. ఆరున్నరకి లోపల ఉంటే ఎనిమిదికల్లా బండ దిగి, ఉత్తరం గేటు పక్కగా చెట్ల కిందనుంచి మళ్ళీ పడమటి గేటుకి చేరొచ్చు. పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళకి టికెట్ ఉండదు, తర్వాత ఉంటుంది. ఆదివారం వద్దు. జనవరి 26కీ ఆగస్టు 15కీ ముందు పూల ప్రదర్శన జరిగే రోజుల్లో అసలే వద్దు, అప్పుడు నడవడానికి కాదు కదా, నిలబడడానికే చోటుండదు. ఆకలేస్తే ఉత్తరం గేటు బయట లాల్‌బాగ్ రోడ్డు మీదే ఎం.టి.ఆర్. హోటల్ ఉంది, 1924 నుంచి నడుస్తోంది. వరుస పెద్దగా ఉంటుంది, కాబట్టి పెద్దవాళ్ళని తోటలో బెంచీ మీద కూర్చోబెట్టి మీరు వెళ్ళి పేరు రాయించి రండి.

ఒక్క విన్నపం. గోపురం గోడల మీదా, బండ మీదా పేర్లు చెక్కినవి, సుద్దతో గీసినవి కనిపిస్తాయి. మీతో పిల్లలు ఉంటే ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఎవరైనా గీస్తూ కనిపిస్తే మర్యాదగానే ఆపండి, నేనూ ఆపుతాను, చాలామంది వింటారు.

మిగతా మూడు గోపురాల్లో మొదట కెంపాంబుధిది చూడమంటాను. గవిగంగాధరేశ్వర దర్శనం, ఆ చుట్టుపక్కల పాత బసవనగుడి వీధులు, అన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. నాన్నగారు లాల్‌బాగ్ బండ మీద ఎంతసేపు కూర్చున్నారో చూసి, ఆ రెండో రోజు పెట్టుకోవాలో వద్దో నిర్ణయించుకోండి.