ఆసుపత్రిలో చేరిన పెద్దవారికి సోడియం తగ్గిందంటే ఉప్పు ఎక్కువ పెట్టాలా?

అందరికీ కాదు. రక్తంలో సోడియం సాధారణంగా లీటరుకు 135 నుంచి 145 మిల్లీఈక్వివలెంట్లు ఉంటుంది. 135 కంటే తగ్గితే హైపోనేట్రీమియా అంటారు. ఆసుపత్రిలో ఉన్నవారిలో దీనికి కారణం చాలాసార్లు ఉప్పు తరిగిపోవడం కాదు, ఒంట్లో నీరు ఎక్కువై సోడియం పలచబడటం. శస్త్రచికిత్స, తీవ్రమైన నొప్పి, వికారం, న్యుమోనియా వంటి స్థితుల్లో వాసోప్రెసిన్ అనే హార్మోను అధికంగా విడుదలై, మూత్రపిండాలు నీటిని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి; అప్పుడు సోడియం తక్కువగా ఉండే సెలైన్ ఎక్కించినా, బీపీకి వాడే థయాజైడ్ మాత్రలు కొనసాగించినా రక్తంలో సోడియం ఇంకా పడిపోవచ్చు.

అందుకే చికిత్స కారణాన్ని బట్టి మారుతుంది. విరేచనాలతో నీరసించినవారికి నార్మల్ సెలైన్ అవసరమైతే, గుండె వైఫల్యం ఉన్నవారికి నీళ్లు తగ్గించాలి. వారికి ఉప్పు పెంచడం హానికరం. పెద్దవారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, మగతగా ఉన్నా వెంటనే నర్సుకు చెప్పండి. ఫిట్స్ వస్తే ఉప్పు గాఢత ఎక్కువగా ఉండే 3 శాతం సెలైన్ అత్యవసరంగా ఇస్తారు. అయితే రెండు రోజులకు మించి తక్కువగా ఉన్న సోడియంను 24 గంటల్లో 8 నుంచి 10 మిల్లీఈక్వివలెంట్లకు మించి పెంచకూడదు. అంతకంటే వేగంగా పెంచితే మెదడులోని నాడీ తంతువుల పైపొర దెబ్బతిని, మాట, మింగడం, కదలిక శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. వైద్యులు నెమ్మదిగా పెంచుతున్నారంటే అది నిర్లక్ష్యం కాదు, దయచేసి తొందరపెట్టకండి.