ఇల్లు కోనసీమలో, మనం అమెరికాలో: తుఫాను నష్టం, బీమా క్లెయిము

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే చాలు, ఇక్కడికి కొత్తగా వచ్చిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఫోను చేస్తారు. "అన్నయ్యా, రాజోలులో మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయట. ఎంత పంపమంటారు?" డబ్బు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ నాన్నగారిని చీపురు పట్టవద్దని చెప్పమంటాను.

ఆ నాన్నలు 1996 నవంబర్ 6న కోనసీమను దెబ్బతీసిన తుఫానును చూసిన తరం. గాలి ఆగీ ఆగగానే కూలివాళ్లను పిలిచి, పడిన చెట్లు నరికించి, పగిలిన పెంకులు గోతిలో పోయించి, తడిసిన పరుపులు పారేయించి, మధ్యాహ్నానికి ఇల్లంతా కడిగించేస్తారు. ఊరంతా మెచ్చుకుంటుంది. నష్టం అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చేసరికి చూపించడానికి శుభ్రమైన వాకిలి తప్ప ఏమీ మిగలదు.

కరెంటు మెయిన్ ఆపాక మొదటి పని వీడియో తీయడం. వీధి గుమ్మం, ఇంటి నంబరుతో మొదలుపెట్టి పైకప్పు, ప్రతి గది, ప్రతి గోడ రావాలి. నీరు నిలిచిన మరక పక్కన కొలత టేపు పెట్టి ఫొటో తీయాలి. ఫ్రిజ్, ఇన్వర్టర్, మోటారుల మీద ఉండే సీరియల్ నంబర్లు కూడా కనబడాలి. ఆ రోజే బీమా కంపెనీకి ఫోను చేసి క్లెయిము నంబరు రాసుకోవాలి. అంతమాత్రాన సర్వేయరు వచ్చేదాకా వానలో తడుస్తూ కూర్చోమని కాదు. నష్టం పెరగకుండా చూడడం పాలసీదారు బాధ్యతే కాబట్టి, ఫొటోలు తీశాక కప్పు మీద టార్పాలిన్ వేయించవచ్చు, బిల్లు మాత్రం దాచాలి. పాడైన సామాను పెరట్లో ఒక మూల ఉంచాలి. ఎవరైనా అవతల పారేయబోతే మీరు ఫోనులోనే అయినా సరే, గట్టిగా అడ్డుపడండి.

మునిగిన మోటారును ఎలక్ట్రీషియన్ చూడకుండా ఆన్ చేయనివ్వకండి. ప్రాణాపాయం ఒకటైతే, అది కాలిపోయాక ముంపు వల్ల పోయిందా, స్విచ్ వేయడం వల్ల పోయిందా అనే పేచీ మరొకటి. నూతిలోకి వరద నీరు చేరితే బ్లీచింగ్ చేయించేదాకా ఆ నీళ్లు తాగకూడదు.

పాలసీ దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరబడేది అమెరికా లెక్కను అక్కడికి మోసుకెళ్లినప్పుడు. ఇక్కడ మామూలు ఇంటి పాలసీ వరదకు డబ్బివ్వదు. దానికి వేరే పాలసీ కావాలి, ప్రభుత్వ వరద బీమా అయితే సాధారణంగా కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీలో తుఫాను, వరద, ముంపు అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. లంక గ్రామాల వాళ్లు ఇది గమనించాలి. తుఫాను తప్పిపోయిన ఏడాది కూడా జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరికలు ఎగురుతూనే ఉంటాయి కదా.

బీమా మొత్తం ఇల్లు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చును బట్టి ఉండాలి, స్థలం ధరతో దానికి పని లేదు. అమలాపురంలో సెంటు ఎంత పలుకుతుందో చెప్పి పాలసీ రాయించుకున్న ఘనులను చూశాను. భవనానికి బీమా చేస్తే, అందులో 20 శాతం దాకా, 10 లక్షల పరిమితికి లోబడి, ఇంట్లోని సామానుకు కూడా రక్షణ వస్తుంది. శిథిలాల తొలగింపుకు క్లెయిములో 2 శాతం వరకు ఇస్తారు. నగల సంగతి వేరు, వాటిని ప్రత్యేకంగా చేర్పించుకోవాలి. డెల్టా ఇళ్లకు పుట్టుకతోనే ఉండే గోడల నెమ్మును మాత్రం తుఫాను ఖాతాలో వేయలేరు. అందుకే వేసవిలో ఊరు వెళ్లినప్పుడు ఇల్లు బాగున్న స్థితిలో గది గదీ ఫొటో తీసి పెట్టుకోండి. తాటాకు వసారా, పశువుల పాక పాలసీలోకి వస్తాయో లేదో ముందే అడిగి రాయించుకోండి. ఇల్లు నెలల తరబడి తాళం వేసి ఉంటుందంటే ఆ మాట కూడా కంపెనీకి చెప్పాలి.

ఇల్లు అప్పుతో కట్టి ఉంటే బ్యాంకు అప్పుడే ఏదో పాలసీ చేయించి ఉండవచ్చు. చాలామందికి ఆ కాగితం ఉన్నట్టే తెలియదు, లోను ఫైలు తీసి చూడండి. అటువంటి పాలసీలో డబ్బు మొదట బ్యాంకుకే వెళ్లవచ్చు. పాలసీ మీ పేరున ఉండి, నాన్నగారు అక్కడ సంతకాలు పెట్టాలంటే ఆయన పేరిట పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం, కావాలి. ఇక్కడి కాన్సులేట్‌లో ధ్రువీకరించిన ఆ పత్రానికి ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ పని గాలి లేని రోజుల్లోనే చేసుకోవాలి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం వైపు వచ్చినప్పుడు కాన్సులేట్ అపాయింట్‌మెంటు కోసం వెతికిన వాళ్లకు ఈ మాట మళ్లీ చెప్పనక్కరలేదు.

గ్రామ రెవెన్యూ అధికారి వచ్చి రాసుకుపోయే నష్టం వివరాలు ప్రభుత్వ సాయం కోసం. అది బీమా క్లెయిము కాదు. అయినా ఆ జాబితాలో మీ ఇల్లు కూడా ఉండేలా చూసుకుని, దొరికితే నకలు తీసుకోండి. సర్వేయరు ముందు అది పనికొస్తుంది.

కొబ్బరి చెట్టు ఇంటి మీద పడితే ఇంటికి జరిగిన నష్టానికి డబ్బు వస్తుంది, చెట్టుకు రాదు. చెట్లకు కొబ్బరి అభివృద్ధి బోర్డు బీమా పథకం వేరుగా ఉంది. పొట్టి, సంకర రకాల చెట్లను 4 ఏళ్ల నుంచి, పొడుగు రకాలను 7 ఏళ్ల నుంచి, 60 ఏళ్ల వయసు దాకా అందులో చేర్చవచ్చు, కానీ చెట్టు నిలబడి ఉండగానే చేర్చాలి.

కంపెనీ తక్కువ కడితే సర్వేయరు నివేదిక ప్రతి అడగండి. ఏ లెక్కన తగ్గించారో అందులో ఉంటుంది. కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారి అయిన హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్ర, తెలంగాణలతో పాటు మన యానాం కూడా ఆ కార్యాలయం కిందికే వస్తుంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ జవాబు ఇచ్చిన ఏడాదిలోపు మాత్రం రాయాలి.