మూగజీవాలకు సాయం చేయదలచిన మేనకోడలికి

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీస్సులు.

వీధికుక్కలను, దెబ్బతిన్న పశువులను చేరదీసే సంస్థలకు నీ జీతంలోంచి కొంత ఇవ్వాలనుకుంటున్నానని, ఎలా ఇస్తే బాగుంటుందో చెప్పమని అడిగావు. పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైనవాడిని కనుక నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. పుట్టినరోజు నాడు ఒకేసారి పన్నెండు వేలు ఇవ్వడం కంటే నెలకు వెయ్యి చొప్పున తప్పకుండా పంపడమే మేలు బిడ్డా. పండుగలకు అన్నం పెట్టే దాతలు చాలామందే ఉంటారు. మన దగ్గర ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో నీళ్ల ట్యాంకరుకు, కరెంటు బిల్లుకు, గదులు కడిగే మనిషి జీతానికి డబ్బులిచ్చేవారు మాత్రం దొరకరు. వచ్చే నెల ఎంత వస్తుందో ముందే తెలిస్తేనే నిర్వాహకులు ఒక మనిషిని పనిలో నిలుపుకోగలరు.

ఫొటోలు చూసి నిర్ణయించుకోక, ఒకసారి స్వయంగా వెళ్లి చూడు. కొత్తగా తెచ్చిన జంతువును విడిగా ఉంచే గది ఉందా లేదా అన్నదే నేను మొదట చూసే విషయం. పార్వో వ్యాధి కుక్కపిల్లల విరేచనాల ద్వారా వ్యాపిస్తుంది, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. అందువల్ల జాలిపడి తెచ్చి కలిపేసిన ఒక్క జబ్బుపిల్ల, టీకాలు పడని మిగతా పిల్లలన్నింటి ప్రాణాల మీదికి తెస్తుంది. తర్వాత రిజిస్టరు అడుగు. వచ్చినవెన్ని, పెంపకానికి ఇచ్చినవెన్ని, చనిపోయినవెన్ని అన్నది అందులో ఉండాలి. చావులే లేవని చెప్పే చోటును నేను నమ్మను, ఎందుకంటే హైవే మీద లారీ కింద పడి నడుము విరిగిన కుక్కలను కూడా తీసుకునే చోట కొన్ని దక్కకపోవడం సహజం. పన్ను మినహాయింపు కావాలంటే బ్యాంకు ద్వారానే పంపి రసీదు తీసుకో. రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు వర్తించదు.

ఏ పనికి ఇవ్వాలో ఎంచుకోమంటే, కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు ఇవ్వమంటాను. ఆడకుక్క సుమారు 63 రోజులకే ఈనుతుంది, ఏడాదికి రెండుసార్లు కూడా ఈనగలదు; ఆ లెక్క ముందు ఎంత పెద్ద ఆశ్రయమైనా చాలదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కను పట్టుకుని, ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, గుర్తుగా చెవికి గాటు పెట్టి, పట్టుకున్న చోటనే వదలాలి. వదిలెయ్యడమెందుకని ఊళ్లో చాలామంది కోప్పడతారు. 2024 ఫిబ్రవరిలో మన పాలమూరు వైపు, అడ్డాకుల మండలం పొన్నకల్‌లో సుమారు ఇరవై వీధికుక్కలను కాల్చి చంపిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అలా చంపడం నేరమన్నది అటుంచి, ఖాళీ అయిన వీధుల్లోకి పక్క ఊళ్ల కుక్కలు వచ్చి చేరతాయి, వాటికి టీకా కూడా పడి ఉండదు. ఈ మాట ఊరివాళ్లకు ఓపికగా చెప్పగలిగితే అది కూడా విరాళమే.

వస్తువులు ఇవ్వదలిస్తే ముందు ఫోన్ చేసి ఏవి కావాలో అడుగు. పెళ్లిళ్లలో మిగిలిన మసాలా బిర్యానీ, ఉడికిన ఎముకలు కుక్కలకు హాని చేస్తాయి. నూకలు, పాత దుప్పట్లు, ఫినాయిల్ బదులు బ్లీచింగ్ పౌడరు పనికొస్తాయి. పశువులున్న చోటైతే యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ వైపు పొలాల్లో కాల్చేయబోయే వరిగడ్డిని కట్టలు కట్టించి పంపించు, ఆ కట్టల కూలీ, ట్రాక్టరు కిరాయి నువ్వు భరిస్తే చాలు.

ఒక్క సంగతి మరువకు. సాయం చేస్తున్నావు కదా అని దారిలో కనిపించిన ప్రతి కుక్కపిల్లనూ తీసుకెళ్లి అక్కడ వదిలి రావద్దు. జబ్బుపడిన ఆవో గేదో కనిపిస్తే ముందు 1962 నంబరుకు ఫోన్ చెయ్యి, పశువుల సంచార వైద్యశాల వాళ్లే అక్కడికి వస్తారు.

ఇట్లు,
నీ మేనమామ